అట్టలు కుట్టిన బాలుడు – మైకేల్ ఫారడే మహాశయుని చరిత్రము

మన గ్రంథాలయమునకు ఇరువదియైదు సంవత్సరములు నిండిన ఈ శుభసమయమున, రజతోత్సవ సంచికకు ఒక వ్యాసము వ్రాయవలసినదిగా కార్యవర్గమువారు నన్ను కోరిరి. గ్రామపు లెక్కలు వ్రాయుట నా వృత్తి. పాఠశాలలో చదివినది స్వల్పము. పురాణములైనను ప్రబంధములైనను ఈ గ్రంథాలయపు బల్లమీదనే, నిఘంటువు ప్రక్కనుంచుకొని చదువుకొన్నవాడను. అట్టి నాకు ఒక భౌతికశాస్త్రజ్ఞుని చరిత్రము వ్రాయు సాహసమెట్లు కలిగెనో ముందుగా విన్నవించుకొందును.

కొన్ని యేండ్ల క్రిందట ఒక వేసవిలో గ్రంథాలయపు వీధి చివరనున్న ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయెను. మూడు రాత్రులు లాంతరు వెలుతురున చదువుకొంటిమి. పాతదానిని బండిపై కెక్కించుచుండగా, దానిలోపల ఏమున్నదని లైన్‌మాన్‌ను అడిగితిని. ఇనుపరేకుల దిమ్మ, దానిపై రెండు విధములైన తీగచుట్టలు, చుట్టును నూనె, అంతియే యని ఆయన చెప్పెను. తిరుగునది లేదు, కదలునది లేదు. విచిత్రమేమనగా, మొదటి చుట్టనుండి రెండవ చుట్టకు ఒక తీగయైనను కలుపబడియుండదట! కలుపని తీగలోనికి కరెంటు ఎట్లు వచ్చును? ఆ ప్రశ్న నన్ను నిద్రపోనీయలేదు. లెక్కలు వ్రాయువానికి, ఒక పద్దునుండి మఱియొక పద్దునకు దారి కనబడకుండ సొమ్ము చేరినచో మనస్సు నిలువదు. సమాధానమును వెదకుచు మన అలమారలలోని పుస్తకములు తిరుగవేయగా, మైకేల్ ఫారడే మహాశయుని జీవితము నా కంటబడెను.

బాల్యము

మైకేల్ ఫారడే 1791వ సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీన, ఇంగ్లండు దేశమున లండన్ నగరపు దక్షిణ శివారైన న్యూయింగ్టన్ అను చోట జన్మించెను. తండ్రి జేమ్సు కమ్మరి. బ్రతుకుతెరువు వెదకికొనుచు ఉత్తరపు సీమనుండి నగరము చేరినవాడు. ఆయనకు ఆరోగ్యము చాలకుండుటచే సంపాదనయు చాలకుండెను. బిడ్డలు నలుగురు. 1801 ప్రాంతమున ధరలు మండిపోయిన రోజులలో, ఒక రొట్టెను ఇచ్చి దానిని వారము దినములు సరిపెట్టుకొమ్మని తల్లి మైకేలునకు చెప్పెడిదట. చదువన్న పేరున అతనికి లభించినది చదువుట, వ్రాయుట, కూడికలు తీసివేతలు, అంతమాత్రమే. ఆ కుటుంబము సాండెమేనియన్ అను చిన్న క్రైస్తవ శాఖకు చెందినది. ధనము కూడబెట్టరాదను నమ్మకము ఆ శాఖవారిలో గలదు. ఫారడే ఆ నమ్మకమును కడవఱకు విడువలేదు.

1804లో, పదమూడవ యేట, బాలుడు జార్జి రీబో అను పుస్తకవ్యాపారి యంగడిలో పనికి కుదిరెను. వార్తాపత్రికలను ఇల్లిల్లు తిరిగి అందించుట, చదివినపిమ్మట మరల తెచ్చి వేఱొకరి కిచ్చుట అతని తొలి పని. మరుసటి యేడు రీబో రుసుము పుచ్చుకొనకయే అతనిని శిష్యునిగా చేర్చుకొని, పుస్తకములు కుట్టి అట్టలు వేయు పని నేర్పెను. ఆ శిష్యరికము ఏడేండ్లు సాగెను.

పగలు కుట్టిన పుస్తకమును రాత్రి చదువుట బాలుని అలవాటయ్యెను. బైండు చేయుటకు వచ్చిన బ్రిటానికా విజ్ఞానసర్వస్వములో విద్యుత్తును గూర్చిన వ్యాసము అతని కంటబడెను. జేన్ మార్సెట్ అను విదుషి రసాయనశాస్త్రమును సంభాషణరూపమున తేటపఱచిన గ్రంథము మఱియొకటి చేతికి వచ్చెను. చదివి ఊరకుండువాడైనచో మనము ఈనాడు అతని పేరు తలపము. చదివిన మాట నిజమో కాదో తన చేతులతో పరీక్షింపనిదే అతనికి తృప్తి కలుగకుండెను. కూడబెట్టిన కాసులతో గాజుసీసా కొని, దానిని త్రిప్పి రాపిడిచే విద్యుత్తు పుట్టించు చిన్న యంత్రమును కట్టుకొనెను. పుస్తకము చెప్పినట్లే నిప్పురవ్వ ఎగిరినప్పుడే ఆ పుస్తకమును నమ్మెను. ఆ తొలి ఋణమును అతడు మఱువలేదు. తాను పేరుపొందిన పిదప మార్సెట్ గారికి తన పరిశోధన పత్రములను కృతజ్ఞతాపూర్వకముగా పంపుచుండెను.

1810 మొదలు నగరమున టాటమ్ అను నాతడు రాత్రులందు శాస్త్రోపన్యాసము లిచ్చుచుండెను. ప్రవేశ రుసుము ఒక షిల్లింగు. తండ్రివలె కమ్మరిపని చేయుచున్న అన్న రాబర్టు ఆ షిల్లింగు నిచ్చి తమ్ముని పంపెడివాడు. ఒకని సమ్మెటపోటు మఱియొకని చదువైన కథలు మన గ్రామములందును లేకపోలేదు.

గురువు, శిష్యుడు

1812లో రీబో అంగడికి వచ్చు డాన్సు అను పెద్దమనిషి, సర్ హంఫ్రీ డేవీ ఉపన్యాసములకు టిక్కెట్లు ఈ యువకునికి ఇచ్చెను. రాయల్ ఇన్‌స్టిట్యూషన్ అను విజ్ఞానసంస్థలో డేవీ ఆనాడు మహాప్రసిద్ధుడు. ఫారడే నాలుగు ఉపన్యాసములు విని, పూసగ్రుచ్చినట్లు వ్రాసికొని, పటములు గీచి, సుమారు మూడువందల పుటల గ్రంథముగా కుట్టి, తన చేతితోనే అట్ట వేసి, ఉద్యోగ మర్థించుచు డేవీకి పంపెను. సిఫారసు చేయు బంధువులు లేనివానికి ఆ కుట్టుపనియే సిఫారసయ్యెను. 1813 మార్చి 1వ తేదీన అతడు ప్రయోగశాలలో సహాయకుడుగా నియమింపబడెను. వారమునకు ఇరువదియైదు షిల్లింగుల జీతము; మేడమీద రెండు గదులు; బొగ్గు, కొవ్వొత్తులు ఉచితము.

ఆ యేడే డేవీ దంపతులు ఐరోపా యాత్రకు బయలుదేరి ఫారడేను వెంటగొనిపోయిరి. సేవకుడు రానందున ఆ పనులును ఇతనిపై బడెను. డేవీ భార్య ఇతనిని సేవకునిగనే చూచెను. ఆ అవమానమును దిగమ్రింగి, ఫ్రాన్సున ఆంపియరును, ఇటలీలో వృద్ధుడైన వోల్టాను దర్శించి, 1815లో ఫారడే తిరిగివచ్చెను.

1821లో శారా బర్నార్డు అను కన్యను వివాహమాడెను. వారికి సంతానము కలుగలేదు. ఆ సంవత్సరము సెప్టెంబరున, కరెంటు ప్రవహించు తీగ అయస్కాంతము చుట్టును ఎడతెగక తిరుగునట్లు ఫారడే ఒక పరికరము నమర్చెను. నేటి మోటారుల కన్నిటికిని మూలము అదియే. అయితే ఆ విజయముతోడనే ఒక అపనింద వచ్చిపడెను. వొల్లాస్టన్ అను పెద్దశాస్త్రజ్ఞుడు కొలది నెలల ముందు డేవీతో కలిసి, తీగను దాని యిరుసుపైననే త్రిప్పవలెనని ప్రయత్నించి విఫలుడయ్యెను. ఫారడే తన పత్రమును ప్రకటించుటలో తొందరపడి వొల్లాస్టన్ పేరు పేర్కొనలేదు. ఒరుల యూహను అపహరించెనని లోకులు గుసగుసలాడిరి. రెండు ప్రయోగములును వేఱైనవే. అయినను జమ వ్రాయవలసిన పేరు వ్రాయకుండుట లోపమని గ్రహించి, ఫారడే వొల్లాస్టన్‌ను కలిసికొని విషయమును విన్నవించెను. తరువాత ఆ వృత్తాంతమును క్రమముగా వ్రాసి ప్రకటించెను. వొల్లాస్టన్ ఉదారముగా ప్రవర్తించెను గాని డేవీ మనస్సు కరుగలేదు. ఫారడేను రాయల్ సొసైటీ సభ్యునిగా చేర్చుకొను ప్రస్తావన వచ్చినప్పుడు అధ్యక్షస్థానమున నున్న గురువే అడ్డుపడెను. అయినను 1824 జనవరిలో ఫారడే ఎన్నికయ్యెను.

మన మహాభారతమున ఏకలవ్యుడు గురువునకు బొటనవ్రేలు సమర్పించెను. ఈ శిష్యునికి వ్రేలు దక్కెను గాని గురువు ప్రీతి దక్కలేదు. దానికి వగచెనేమో గాని, డేవీని గూర్చి నిందావాక్యము పలుకక, తనకు దారి చూపినవానిగనే కడవఱకు గౌరవించెను.

ఇనుప కడియము

కరెంటు ప్రవహించు తీగ అయస్కాంతమువలె ప్రవర్తించునని 1820లో డెన్మార్కు దేశస్థుడు ఆయర్‌స్టెడ్ కనుగొనెను. విద్యుత్తునుండి అయస్కాంతత్వము పుట్టినప్పుడు, అయస్కాంతత్వమునుండి విద్యుత్తు ఏల పుట్టరాదు? ఫారడే ఈ ప్రశ్నను పట్టుకొని 1820ల దశకమున పలుమార్లు ప్రయోగములు చేసెను. ఫలితము శూన్యము. ఆ శూన్యమును గూడ తేదీ వేసి తన దినచర్యపుస్తకమున వ్రాసెను.

1831 ఆగస్టు 29వ తేదీన ఆయన మఱల పూనుకొనెను. మెత్తని ఇనుముతో ఆరంగుళముల వ్యాసము గల కడియమును చేయించి, దాని యొక ప్రక్కను రాగితీగను పలుచుట్లు చుట్టెను. రెండవ ప్రక్కను వేఱొక రాగితీగను చుట్టెను. ఆనాడు పూతపూసిన తీగ దొరకదు గనుక, చుట్టునకు చుట్టునకు నడుమ దారమును నూలుగుడ్డయు వేసెను. పుస్తకములు కుట్టిన చేతులకు ఆ పని క్రొత్త కాదు. రెండు తీగలకును నడుమ స్పర్శ లేదు. రెండవ తీగ కొనలను దూరముగా కొనిపోయి, ఒక దిక్సూచి ముల్లుపై నుండి పోవునట్లు కలిపెను. పిదప మొదటి తీగను బ్యాటరీకి తగిల్చెను. ముల్లు ఉలిక్కిపడినట్లు కదలి, ఊగి, యథాస్థానమున నిలిచెను. బ్యాటరీ పనిచేయుచున్నంతసేపును అది నిశ్చలము. బ్యాటరీని విప్పినప్పుడు మఱల కదలెను, ఈమాఱు ఎదురుదిక్కునకు!

పదేండ్లుగా అందఱును తప్పిపోయిన రహస్యము ఇదియే. నిలుకడగా నున్న అయస్కాంతబలము రెండవ తీగలో కరెంటును పుట్టింపదు. ఆ బలము పెరుగుచున్నప్పుడో తరుగుచున్నప్పుడో మాత్రమే పుట్టించును. ఉన్నదానికి కాదు, మారుదానికే ఆ శక్తి. అందఱును ముల్లు స్థిరముగా ఒక ప్రక్కకు తిరుగునని ఎదురుచూచుచు, క్షణకాలపు కదలికను విడిచిరి. అక్టోబరు 17వ తేదీన ఆయన కాగితపు గొట్టముపై తీగ చుట్టి, దానిలోనికి అయస్కాంతపు కడ్డీని దూర్చియు వెలికి లాగియు కరెంటును పుట్టించెను. ఆ నెలలోనే అయస్కాంతపు మొనల నడుమ రాగిబిళ్లను త్రిప్పి ఎడతెగని కరెంటును పొందెను. నవంబరు 24వ తేదీన ఈ విషయములన్నియు రాయల్ సొసైటీలో చదువబడెను. అమెరికాలో జోసెఫ్ హెన్రీ అను నాతడును ఇంచుమించు ఆ కాలముననే స్వతంత్రముగా ఈ ధర్మమును కనుగొనెను. ముందుగా ప్రకటించినది ఫారడే.

ఆ కడియమే లోకమున తొలి ట్రాన్స్‌ఫార్మరు. తిరుగు రాగిబిళ్ల తొలి జనరేటరు. ఆ తరుణమున ఫారడే ప్రైవేటు రసాయనపరీక్షలవలన వచ్చుచున్న పెద్ద రాబడిని వదలుకొని, పరిశోధనకే తన కాలమును అంకితము చేసెను.

రెండు ఆవేశముల నడుమ

ఇక ఆయన నిలుకడ విద్యుత్తును గూర్చి చేసిన విచారమును చెప్పవలెను. ఎండిన తలను దువ్విన దువ్వెన కాగితపు ముక్కలను ఆకర్షించుట మన బాలురు ఎఱిగినదే. రాపిడివలన పుట్టు విద్యుదావేశము రెండు విధములు: ధనము, ఋణము. ఒకేజాతి ఆవేశములు ఒకదానినొకటి నెట్టుకొనును; భిన్నజాతివి లాగుకొనును. ఆ బలము ఎంతయో 1785లో ఫ్రాన్సు దేశస్థుడు కూలుంబు సన్నని తీగకు వ్రేలాడు త్రాసుతో కొలిచెను. ఆవేశములలో ఒకటి రెండింతలైనచో బలము రెండింతలు. రెండును రెండింతలైనచో నాలుగింతలు. దూరము రెండింతలైనచో బలము నాలుగవవంతు, మూడింతలైనచో తొమ్మిదవవంతు. ఈ లెక్క యందఱును ఒప్పుకొన్నదే.

ఫారడే అడిగిన ప్రశ్న వేఱు. రెండు గుండ్లకు నడుమ త్రాడు లేదు, కఱ్ఱ లేదు. ఒకటి యున్నదని రెండవదానికి ఎట్లు తెలియును? నడుమనున్న చోటు ఏమియు చేయదా? అయస్కాంతముపై కాగితముంచి ఇనుపరజను చల్లినచో, రజను వంపులు తిరిగిన గీతలుగా ఏర్పడుట ఆయన చూచెను. వానిని బలరేఖలనెను. ఆవేశముల నడుమ గూడ అట్టి రేఖలు గలవనియు, బలము నడుమనున్న పదార్థముద్వారా ఒక కణమునుండి మఱియొక కణమునకు అందుకొనుచు పోవుననియు తలచెను. పరీక్షగా, ఒకదానిలో నొకటి యిమిడిన రెండు ఇత్తడిగోళములు చేయించి, నడుమ ఒకమాఱు గాలిని, వేఱొకమాఱు లక్కను, గంధకమును నింపి చూచెను. లక్కగాని గంధకముగాని నింపినప్పుడు గోళములు గాలికంటె ఎక్కువ ఆవేశమును పట్టెను. కాబట్టి నడుమనున్న పదార్థము సాక్షిమాత్రము కాదు, పాలుపంచుకొనునది. 1837 నాటి ఈ నిర్ణయమే నేటి కెపాసిటరుల కన్నిటికిని ఆధారము. ఆ లక్క మన దేశమునుండి ఐరోపాకు పోవుచుండిన సరకు.

1836లో ఆయన పండ్రెండడుగుల ఘనముగా కొయ్యచట్రమును కట్టించి, తీగలతోను తగరపురేకుతోను కప్పించి, దానిలో తాను కూర్చుండి, బయటినుండి యంత్రముచే దానికి గొప్ప ఆవేశము నిప్పించెను. బయట నిప్పురవ్వలు చిటపటలాడుచుండగా లోపల ఆయనకు గాని, ఆయన చేతనున్న సున్నితపు పరికరములకు గాని ఆవగింజంతయు తెలియలేదు. ఇచట విద్యుత్ పొటెన్షియల్ అను మాటను మన పొలముల భాషలో చెప్పుకొందము. చెఱువులోని నీరు ఎంత యున్నదనుట ఒకటి. ఎంత ఎత్తున నున్నదనుట మఱియొకటి. తూము తెఱచినప్పుడు నీరు పాఱుట ఎత్తులలోని భేదమువలన. ఆవేశము నీరైనచో పొటెన్షియలు దాని మట్టము. వోల్టులు ఆ మట్టపు భేదమునకే కొలత. ఆ పెట్టె యంతయు ఒకే మట్టమున నుండుటచే లోపలివానికి ప్రవాహము లేదు, ప్రమాదము లేదు. ఒకే తీగపై రెండుకాళ్లును మోపిన పిట్టకు హాని కలుగకుండుటకు కారణమును ఇదియే.

1843లో చేసిన మఱియొక ప్రయోగము నావంటి లెక్కలవానికి మిక్కిలి ప్రియమైనది. మంచుగడ్డలుంచు లోహపు బాల్చీని, నేలకు కరెంటు పోకుండ పీటపై నుంచి, పట్టుదారమునకు గట్టిన ఆవేశపు గుండును లోనికి దింపెను. బాల్చీని తాకకున్నను దాని వెలుపలి భాగమున గుండునకు సరిసమానమైన ఆవేశము కనబడెను. గుండును అడుగునకు తాకించినను వెలుపలి లెక్క మారలేదు. గుండు మాత్రము ఉత్తదయ్యెను. అనగా లోగోడపై పుట్టిన విరుద్ధావేశము గుండులోని ఆవేశముతో సరిగా చెల్లిపోయెనన్నమాట. ప్రకృతి తన చిట్టాలో ఒక కాసు ఎక్కువ వ్రాయదు, ఒక కాసు తక్కువ వ్రాయదు.

ఓటములు వ్రాసిన పుస్తకము

ఫారడే దినచర్యపుస్తకములలోని ప్రయోగములకు వరుససంఖ్యలు గలవు. ఆ సంఖ్య పదహారువేలు దాటెను. ఫలించినవియు ఫలింపనివియు ఒకే సిరాతో వ్రాయబడియున్నవి. భూమ్యాకర్షణకును విద్యుత్తునకును సంబంధము గలదేమోయని శోధించి, ఏమియు కనబడక, ఆ శూన్యఫలితమునే 1850లో రాయల్ సొసైటీకి నివేదించెను. 1862 మార్చిలో, తన తుదిప్రయోగమున, జ్వాలనుండి వచ్చు వెలుగును అయస్కాంతము మార్చునేమోయని చూచి, మార్పు కానరాలేదని వ్రాసెను. 1896లో హాలండు దేశస్థుడు జేమన్, ఫారడే యంతటివాడు ప్రయత్నించినది మఱల చూడదగినదేయని మెఱుగైన పరికరములతో ఆ ప్రయోగమును చేసి, మార్పును కనుగొని, 1902లో నోబెల్ బహుమానము నందుకొనెను. దాచని ఓటమి ముప్పదినాలుగేండ్లకు విజయమయ్యెను.

ఈ భాగమును చదివిననాడు నేను పుస్తకమును మూసి చాలసేపు కూర్చుంటిని. ఉద్యోగమున చేరిన తొలియేట, ఒక గృహస్థుడు చెల్లించిన ఇంటిపన్నును పొరపాటున మఱియొకరి పేర జమకట్టితిని. తప్పు తెలిసినప్పుడు, కొట్టివేసి ప్రక్కన సంతకము చేయుటకు బదులు, సిగ్గుపడి పుటనే మార్చి వ్రాసితిని. సొమ్ము సరిపడెను, ఎవరికిని నష్టము లేదు. అయినను ఆ పెద్దమనిషి రసీదు చేతబట్టుకొని రెండుమార్లు తిరిగి, తానే పొరబడితినని తలచి వెళ్లిపోయెను. ఆయన ఇప్పుడు లేడు. ఫారడే చరిత్రము చదివినపిదప నా పుస్తకములలో తప్పు దొరలినచో అందఱికిని కనబడునట్లే దిద్దుచున్నాను. ఈ గ్రంథాలయమునకు నేను పడిన ఋణములలో ఇది పెద్దది.

తుది దినములు

1839 ప్రాంతమున ఆయనకు తలత్రిప్పుటయు మఱపును అధికమై కొన్నియేండ్లు పని సాగలేదు. కోలుకొని 1845లో అయస్కాంతము వెలుగును ప్రభావితము చేయునని నిరూపించెను. గణితము ఆయనకు రాదు. సమీకరణము లేని గ్రంథములు వ్రాసెను. ఆ కారణమున గణితజ్ఞులు కొందఱు బలరేఖలను తేలికగా చూచిరి. జేమ్సు క్లార్కు మాక్స్‌వెల్ అను యువకుడు మాత్రము 1855 మొదలు ఆ రేఖలను గణితభాషలోనికి తెచ్చెను. మీ ఫలితములను మావంటివారికి తెలియు సామాన్యపు మాటలలో గూడ చెప్పరాదాయని ఫారడే ఆయనకు 1857లో ఉత్తరము వ్రాసెను. మహాపండితుడై యుండియు, తెలియనిదానిని తెలియదని చెప్పి యడుగుట ఎంత కష్టమో చదువుకొన్నవారే యెఱుగుదురు. ఆ గణితమునుండియే రేడియోతరంగముల జ్ఞానము పుట్టెను.

రాయల్ సొసైటీ అధ్యక్షపదవిని ఆయన వలదనెను. సర్ బిరుదమును ఒల్లననెను. అయితే బాలబాలికలకు క్రిస్మసు సెలవులలో చెప్పు పాఠములను మాత్రము పందొమ్మిది పర్యాయములు చెప్పెను. ఒక కొవ్వొత్తిని చేతబట్టి రసాయనశాస్త్రమును బోధించిన ఆయన పాఠములు గ్రంథరూపమున నేటికిని చదువబడుచున్నవి. 1858లో విక్టోరియా రాణి హాంప్టన్ కోర్టున ఇచ్చిన యింటిలో, మఱపు ముదిరిన వార్ధక్యమున, 1867 ఆగస్టు 25వ తేదీన కుర్చీలో కూర్చుండియే శాంతముగా కన్నుమూసెను. హైగేటు శ్మశానమున ఆయన సమాధిపై పేరును తేదీలును మాత్రమే గల సాదాఱాయి యున్నది.

మన వీధిలోని పెట్టె

ఇప్పుడు నా తొలిప్రశ్నకు వత్తును. 1885లో హంగేరి దేశపు బుడాపెస్టు నగరమున జిపెర్నోవ్‌స్కీ, బ్లాతీ, డేరీ అను ముగ్గురు ఇంజనీరులు ఫారడే కడియమును వాడుకకు యోగ్యమైన ట్రాన్స్‌ఫార్మరుగా తీర్చిరి. మన తీగలలోని కరెంటు సెకనునకు ఏబదిమాఱులు ఊగిసలాడునది. ఫారడే బ్యాటరీని తగిల్చి విప్పిన పనిని అది తనంత తానే ఎడతెగక చేయుచుండును. మొదటిచుట్టలో కరెంటు మారినకొలది ఇనుములో అయస్కాంతబలము మారును. ఆ మార్పు రెండవచుట్టలో కరెంటును పుట్టించును. ఇదియే తీగలేని త్రోవ.

మొదటితీగ వేయిచుట్లును రెండవతీగ నూఱుచుట్లును ఉన్నచో వోల్టులు పదియవవంతగును, కరెంటు పదింతలగును. మొత్తము శక్తిలో వేడిరూపమున పోవు కొలది నష్టము తప్ప జమయు ఖర్చును సమానము. దూరప్రయాణమునకు వోల్టులేల పెంచవలెననగా, తీగలో వ్యర్థమగు వేడి కరెంటు వర్గమును బట్టి యుండును. వోల్టులు పదింతలు చేసి కరెంటును పదియవవంతు చేసినచో నష్టము నూఱవవంతునకు దిగును. అందుచే మన ఊరికి పదునొకండువేల వోల్టులతో వచ్చిన విద్యుత్తును ఆ పెట్టె తగ్గించి, ఇండ్లకు సుమారు 230 వోల్టులుగా అందించును. ఆకాశమునుండి దుమికిన గంగను శివుడు జటాజూటమున పట్టి పాయగా విడిచిన కథ నాకు తోచుచుండును. భేదమేమన, ఈ జటాజూటమున వేగము తగ్గినకొలది పాయ వెడల్పగును.

పాఠకమహాశయులారా! సాయంకాలము మన గ్రంథాలయమున దీపము వెలిగినప్పుడు, దాని వెనుక ఒక కమ్మరి కొడుకు, ఒక అన్న యిచ్చిన షిల్లింగు, చదువుకొమ్మని విడిచిన ఒక పుస్తకవ్యాపారి ఔదార్యము ఉన్నవని తలపవలెను. రీబో అంగడి గ్రంథాలయము కాదు. అయినను పనిపిల్లవానిని పుస్తకము ముట్టవలదని ఆయన అనలేదు. అదియే చాలెను. మన అలమారల తాళములు కూడ ఇకముందు తీసియుండుగాక! అట్టలు చినిగిన పుస్తకములను కుట్టుటకు నెలకొక ఆదివారము నేను వత్తును. నాతో కూర్చుండి కుట్టుపని నేర్చుకొనగోరు బాలబాలికలు రావచ్చును. కుట్టుచు కుట్టుచు ఏ పుట దగ్గఱనైనను ఆగి చదువుకొన్నచో నేను కోపింపను.